ఇంట్లోవాళ్లకు తాళం... బయటి దొంగకు స్వాగతం!

సెల్‌ఫోనుకు తాళం వేస్తే ఇంట్లో అనుమానం. వేయకపోతే బయట ప్రమాదం. ఈ రెంటి మధ్యా మన ఇళ్లలో ఫోను భద్రత గురించి ఎవరేమనుకుంటున్నారు? ఎక్కడ పొరబడుతున్నారు? అసలు తాళం ఎవరి కోసం వేయాలి?

బీరువా తాళంచెవి ఎక్కడుందో ఇంట్లో ఒకరిద్దరికే తెలుస్తుంది. వెనకటి రోజుల్లో అయితే పెద్దావిడ బొడ్లో తాళాల గుత్తి గలగలమంటుంటే కోడళ్లు అటువైపు చూసేవాళ్లే కాదు. ఊరెళ్లేటప్పుడు తలుపుకి తాళం వేశాక ఒకటికి రెండుసార్లు లాగి చూస్తాం. వీధి చివరిదాకా వెళ్లినవాళ్లం గ్యాస్ కట్టేశామో లేదోనని వెనక్కి వస్తాం. పక్కింటివాళ్లకు 'కాస్త మా ఇల్లు కనిపెట్టి ఉండండి' అని చెప్పి మరీ బస్సెక్కుతాం.

ఇంత జాగ్రత్త తెలిసిన మనమే... ఆ బీరువాలో ఉన్నదానికంటే విలువైనదాన్ని చేత్తో పట్టుకుని తిరుగుతున్నాం. బ్యాంకు ఖాతా అందులోనే. పొలం పాసుపుస్తకం ఫొటో అందులోనే. ఆధార్, పాన్, పిల్లల మార్కుల జాబితాలు, బీమా కాగితాలు, డాక్టరు రాసిన మందుల చీటీలు, పెళ్లి ఫొటోలు... సమస్తం అందులోనే. దానికి తాళమేదీ అని అడిగితే మాత్రం 'నా ఫోన్లో ఏముందండీ, ఎవరు తీసుకెళ్లి ఏం చేసుకుంటారు?' అని నవ్వేస్తాం.

పోనీ తాళం వేసేవాళ్లయినా దొంగల్ని తలచుకుని వేస్తున్నారా అంటే, అదీ తక్కువే. పిల్లలు గేములాడి చార్జింగ్ అంతా అవగొడతారని ఒకరు. శ్రీవారు వాట్సప్ చూస్తారని ఇంకొకరు. అన్నయ్య మెసేజీలు చదివి అమ్మకు చెప్పేస్తాడని కాలేజీ అమ్మాయి. మన తాళం గురి అంతా ఇంట్లోవాళ్ల మీదే! బయటివాడు తలుపు తడితే మాత్రం అడిగిందే తడవుగా తీసేస్తాం. 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం' అనగానే ఆరంకెల ఓటీపీ గడగడా చదివేస్తాం. సెల్‌ఫోను మోసాల్లో చాలావాటికి మూలం ఈ తిరకాసే.

జేబులో నొక్కుకోకుండా...

ఈ అలవాటు ఈనాటిది కాదు. మన దేశంలో తొలి సెల్‌ఫోను కాల్ మోగింది 1995 జులై 31న. కోల్‌కతా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ తర్వాత చాన్నాళ్లు సెల్‌ఫోనంటే ఖరీదైన సరదా. మనం చేసినా డబ్బులే, మనకు ఎవరైనా చేసినా డబ్బులే. 2003లో ఇన్‌కమింగ్ కాల్స్ ఉచితమయ్యాకే అది మధ్యతరగతి జేబులోకి వచ్చింది.

అప్పటి నోకియా ఫోన్లు గుర్తున్నాయా? వాటికీ ఒక లాక్ ఉండేది. మెనూ మీట నొక్కి, వెంటనే స్టార్ నొక్కితే చాలు, పడిపోయేది. మళ్లీ అలాగే నొక్కితే తెరుచుకునేది. ఆ రహస్యం లోకమంతటికీ తెలుసు. ఎందుకంటే ఆ లాక్ దొంగల కోసం పెట్టింది కాదు. జేబులో ఉండగా మీటలు వాటంతటవే నొక్కుకుని ఎవరికో ఫోను వెళ్లిపోకుండా, బ్యాలెన్స్ కరిగిపోకుండా పెట్టింది. ఫోను లాక్‌తో మనకు తొలి పరిచయం అలా జరిగింది.

అప్పట్లో ఫోను పోతే పోయేది రెండే. ఫోను ఖరీదు, అందులోని నంబర్లు. 'నా ఫోను పోయింది, అందరూ ఒక్కసారి మిస్డ్ కాల్ ఇవ్వండి' అంటే కథ ముగిసేది. 2016లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరులో పెద్దనోట్లు రద్దయ్యాయి. కూరగాయల బండి మీదికి, మిర్చిబజ్జీల పొయ్యి పక్కకి క్యూఆర్ కోడ్ చేరింది. సెల్‌ఫోను చూస్తుండగానే పర్సు అయింది, బ్యాంకు అయింది, బీరువా అయింది. మన అలవాటు మాత్రం మెనూ, స్టార్ దగ్గరే ఆగిపోయింది.

ఒకటీ... రెండూ... మూడూ... నాలుగూ!

'మా ఫోనుకి లాక్ ఉందిగా' అనేవాళ్లనీ ఒక మాట అడగాలి. ఆ అంకెలేంటి?

2012లో డేటా జెనెటిక్స్ అనే సంస్థ ఓ సరదా లెక్క వేసింది. అంతకుముందు రకరకాల చోట్ల బయటపడిన పాస్‌వర్డుల్లోంచి నాలుగంకెలవి దాదాపు 34 లక్షలు ఏరి, ఏవి ఎక్కువగా ఉన్నాయో చూసింది. ప్రతి వందమందిలో దాదాపు 11 మంది పెట్టుకున్నది ఒకటే... 1234! ఆ తర్వాతి స్థానాలు 1111, 0000లవి. నాలుగంకెలతో పదివేల సంఖ్యలు కుదురుతాయి. అందులో బాగా వాడుకలో ఉన్న ఓ ఇరవై సంఖ్యలు తెలిస్తే చాలు, నాలుగోవంతు మందికి పైగా తాళాలు తీసేయొచ్చని తేలింది. 19తో మొదలయ్యేవీ బోలెడు. అంటే పుట్టిన సంవత్సరాలు, పెళ్లి సంవత్సరాలు.

అది విదేశీ లెక్కే కావచ్చు. మన ఇళ్లలో తీరు వేరుగా ఉందా? అబ్బాయి పుట్టినరోజు, బండి నంబరు, పెళ్లిరోజు, సెల్‌ఫోను నంబరులో చివరి నాలుగంకెలు. చుట్టాలందరికీ తెలిసిన అంకెలే మన రహస్య అంకెలు. పైగా ఏటీఎంకీ అదే, ఫోనుకీ అదే, యూపీఐకీ అదే. 'అన్ని నంబర్లు ఎవరికి గుర్తుంటాయండీ?' అన్నది అందరూ చెప్పే కారణం. నిజమే. కానీ ఒక్క తాళంచెవితో వీధి తలుపూ, బీరువా, బ్యాంకు లాకరూ తెరుచుకునేలా ఎవరైనా పెట్టుకుంటారా?

గీతలు గీసి తెరిచే ప్యాటర్న్ లాక్‌ది ఇంకో కథ. తొమ్మిది చుక్కలతో 3,89,112 రకాలుగా గీయొచ్చు. వినడానికి ఘనంగానే ఉంది. గీసేటప్పుడు మాత్రం చాలామంది పైన ఎడమ మూల నుంచే మొదలుపెడతారు. ఎల్, జెడ్ లాంటి తేలికైన ఆకారాల దగ్గరే ఆగిపోతారు. బస్సులో పక్క సీటాయనకు ఒకసారి చూస్తే పట్టుబడిపోతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు 2010లో మరో విషయం బయటపెట్టారు. వేలి జిడ్డు తెర మీద గీతలుగా మిగిలిపోతుంది కదా, దాన్ని ఫొటో తీసి చూశారు. ఒక ప్రయోగంలో, లైటునీ కెమెరానీ మార్చి మార్చి చూసిన సందర్భాల్లో 68 శాతం సార్లు ప్యాటర్న్ మొత్తం దొరికిపోయింది. 92 శాతం సార్లు కొంతైనా తెలిసింది. పకోడీ తిన్న చేత్తో ఫోను తెరిచేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

జనం బద్ధకం కంపెనీలకూ తెలుసు. 2013 సెప్టెంబరులో వేలిముద్రతో తెరుచుకునే ఐఫోన్ 5ఎస్‌ను విడుదల చేస్తూ యాపిల్ ప్రతినిధి చెప్పిన కారణం అదే. దాదాపు సగం మంది తమ స్మార్ట్‌ఫోనుకు పాస్‌కోడ్ పెట్టుకోవడం లేదని! రోజుకు పదులసార్లు తెరిచే తలుపు కాబట్టి తాళం తేలిగ్గా తీసుకునేలా ఉంటేనే జనం వేస్తారు. వేలిముద్ర తాళం మన చవక ఫోన్లలోకీ వచ్చింది అందుకే. అయితే దాని వెనక ఎప్పుడూ ఒక పిన్ ఉంటుంది. వేలిముద్ర పట్టకపోతే ఫోను అడిగేది దాన్నే. అది 1234 అయితే వేలిముద్ర పెట్టీ లాభం లేదు.

దాచేదేముందని?

మన ఇళ్లలో ఫోను లాక్ భద్రతకు సంబంధించిన విషయం కాదు, నమ్మకానికి సంబంధించిన విషయం. 'నా దగ్గర దాచేదేముందని లాక్ పెట్టావ్?' అనే ప్రశ్నకు జవాబు చెప్పలేక లాక్ తీసేసినవాళ్లున్నారు. కొత్తగా పెళ్లయిన జంటలు ఒకరి పిన్ ఒకరికి చెప్పుకోవడం ప్రేమకు గుర్తు. చెప్పకపోవడం గొడవకు మొదలు. పదో తరగతి పిల్లాడు ఫోనుకి లాక్ వేస్తే తల్లికి బెంగ. వేయకపోతే వాడికి నామోషీ.

ఆడవాళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. గూగుల్ పరిశోధకులు మరికొందరితో కలిసి భారత్, పాకిస్థాన్, బంగ్లాదేశ్‌లలో దాదాపు 200 మంది మహిళలతో మాట్లాడి 2018లో ఓ పరిశోధన పత్రం వెలువరించారు. ఫోను ఎవరి పేరున ఉన్నా అది ఇంటిల్లిపాదిదీ. పిల్లలు ఆడుకుంటారు, మరిది పాటలు వింటాడు, అత్తయ్య కూతురితో మాట్లాడుతుంది. అడిగితే ఇవ్వకపోవడం కుదరదు. అందుకని వాళ్లు చిన్న చిన్న ఉపాయాలు కనిపెట్టుకున్నారు. ఫోను మొత్తానికి కాకుండా ఫొటోలకో, వాట్సప్‌కో విడిగా లాక్ పెట్టడం, ఎవరైనా అడుగుతారనగానే మెసేజీలు చెరిపేయడం, కొన్ని విషయాలు ఫోనులో అసలు చూడకపోవడం... ఇలాంటివి. చాలామంది దృష్టిలో గోప్యత అనేది తమలాంటివాళ్ల కోసం కాదు, అదేదో డబ్బున్నవాళ్ల వ్యవహారం.

కానీ 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, జస్టిస్ పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తేల్చిచెప్పింది. అది ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ, మగవాళ్లకీ ఆడవాళ్లకీ సమానమే. కాబట్టి లాక్ పెట్టుకున్న మనిషి ఏదో తప్పు చేస్తున్నట్టు చూడటం మానాలి. ఫోనుకి లాక్ వేయడం స్నానాల గదికి గడియ వేసుకోవడం లాంటిదే. దాచడానికి ఏదో ఉందని కాదు, ఉండాల్సింది కాబట్టి ఉంటుంది.

ఇంకో సంగతి. అత్యవసరంలో అవసరపడుతుందని భార్యాభర్తలు ఒకరి పిన్ ఒకరు తెలుసుకుంటే తప్పు లేదు. అది ఇద్దరూ ఇష్టపడి చెప్పుకున్నదై ఉండాలి. నానమ్మ పిన్‌ని చీటీ మీద రాసి ఫోను పౌచ్‌లో పెట్టడం మాత్రం తాళానికే తాళంచెవి కట్టి ఉంచడం!

'అలౌ' అనేస్తే సరి

కొత్త యాప్ వేసుకుంటాం. అది వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. ఫోను నంబర్లు చూడొచ్చా? ఫొటోలు తీసుకోవచ్చా? మెసేజీలు చదవొచ్చా? ఎక్కడున్నారో తెలుసుకోవచ్చా? మనం చదవం. 'అలౌ... అలౌ... అలౌ'. పెళ్లాం తీయబోతే కోపం వచ్చే మెసేజీలను ముక్కూమొహం తెలియని కంపెనీ చదువుతానంటే క్షణం ఆలోచించకుండా సరేనంటాం!

టార్చిలైటు వెలిగించే యాప్‌కు మనం ఎక్కడున్నామో ఎందుకు? ఈ ప్రశ్న వేయకపోతే ఏమవుతుందో అమెరికాలో 2013లో తేలింది. కోట్ల ఫోన్లలోకి చేరిన 'బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్' అనే ఉచిత యాప్, వాడేవాళ్లకు సరిగా చెప్పకుండా వాళ్లు ఎక్కడున్నారన్న సమాచారాన్ని ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. ఊరికే వస్తుందనుకున్న వెలుగుకు జనం అలా ఖరీదు కట్టారు.

ఇక్కడ మన దగ్గర చెల్లించిన ఖరీదు ఇంకా పెద్దది. 2020 చివర్లో హైదరాబాద్‌లోనూ, తెలంగాణలోని ఇతర ప్రాంతాల్లోనూ అప్పుల యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కొందరు ప్రాణాలే తీసుకున్నారు. యాప్ వేసుకునేటప్పుడు నొక్కిన ఒక్క 'అలౌ'తో ఫోనులోని నంబర్లన్నీ అవతలివాళ్ల చేతికి వెళ్లిపోయాయి. వాయిదా ఆలస్యమైతే అమ్మకు, మేనమామకు, ఆఫీసులో పైఅధికారికి ఫోన్లు. ఫొటోలు మార్చి చుట్టాల గ్రూపుల్లో పెట్టడం. అప్పు ఐదువేలే. పోయింది మాత్రం పరువు, ప్రాణం. తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది. అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని నంబర్ల జాబితా, ఫొటోలు, కాల్స్ వివరాలు తీసుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. అయినా అడిగే యాప్ ఏదైనా కనిపిస్తే అది దొంగ యాప్ అని అక్కడే తెలిసిపోవాలి.

జనానికి ఈ విషయంలో పట్టింపే లేదా అంటే అలాగని కాదు. 2025 నవంబరు చివర్లో, కొత్తగా అమ్మే ఫోన్లన్నింటిలో సంచార్ సాథీ అనే ప్రభుత్వ యాప్‌ను ముందే వేసి ఇవ్వాలని టెలికాం శాఖ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. దీనిమీద దేశమంతా చర్చ రేగింది. నా ఫోనులో నేను అడగని యాప్ ఎందుకని ప్రశ్నించారు. డిసెంబరు 3న కేంద్రం ఆ నిబంధనను వెనక్కి తీసుకుంది. అలా అడగడం మంచిదే. అదే ప్రశ్న ప్రతి యాప్‌నీ అడిగితే ఇంకా మంచిది.

కవర్లో కార్డు... తెర మీద ఓటీపీ

ఫోను పోయినప్పుడు ఏమవుతుందో చూద్దాం. లాక్ ఉంది, దొంగకు తెరవడం రాలేదు. సిమ్ తీసి వేరే ఫోనులో వేస్తాడు. ఆ సిమ్‌కు పిన్ లేదు కాబట్టి పనిచేస్తుంది. ఇక మన ఓటీపీలన్నీ వాడికే! ఇంకా మన అలవాటు ఒకటుంది కదా... ఏటీఎం కార్డును ఫోను వెనక కవర్లో దోపుకోవడం. యూపీఐ పిన్ కొత్తగా పెట్టుకోవడానికి ఆ సిమ్, డెబిట్ కార్డు మీది చివరి అంకెలు, గడువు తేదీ, ఓటీపీ చాలా బ్యాంకుల్లో సరిపోతాయి. ఆ నాలుగూ మనమే ఒకచోట చేర్చి, పౌచ్‌లో పెట్టి, జిప్పు వేసి దొంగకు అప్పజెప్పినట్టే.

సిమ్ తీయాల్సిన అవసరం రాకపోనూవచ్చు. చాలా ఫోన్లలో లాక్ ఉన్నా వచ్చిన మెసేజీ తెర మీద కనిపిస్తుంది. తలుపుకి తాళం వేసి, కిటికీలోంచి తాళంచెవి చూపించడం ఇదే.

ఇక రిపేరు షాపు. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ నుంచి మండల కేంద్రంలో బస్టాండు పక్క కొట్టు దాకా, తెర పగిలిన ఫోనును పిన్‌తో సహా ఇచ్చి 'సాయంత్రం వస్తాం' అని వెళ్లిపోతాం. నిజాయతీగా పని చేసుకునేవాళ్లే ఎక్కువ, సందేహం లేదు. అయినా మన జాగ్రత్త మనది. కెనడాలోని గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో, లోపల ఎవరేం చూశారో నమోదయ్యే ఏర్పాటు చేసిన ల్యాప్‌టాప్‌లను రిపేరుకు ఇచ్చి చూశారు. ఆరు చోట్ల సొంత సమాచారం తెరిచి చూశారు. రెండు చోట్ల కాపీ కూడా చేసుకున్నారు. ల్యాప్‌టాప్‌కు జరిగింది ఫోనుకు జరగదని ఏముంది? కొన్ని కంపెనీల ఫోన్లలో ఇందుకోసమే రిపేరు మోడ్ ఉంటోంది. అది ఆన్ చేస్తే షాపువాళ్లు ఫోను పరీక్షించుకోవచ్చు, మన ఫొటోలు, మెసేజీలు మాత్రం కనపడవు. అది లేకపోతే ఎదురుగా కూర్చుని చేయించుకోవడమే.

తలుపు తీసేది మనమే

ఇంతా చేసి, పెద్ద మొత్తాలు కాజేసే దొంగలు ఫోను ముట్టుకోనే ముట్టుకోరు. మనచేతే తీయిస్తారు. వాళ్ల ఆయుధాలు రెండు... ఆశ, భయం.

వాట్సప్‌లో పెళ్లి శుభలేఖ వస్తుంది. పంపింది తెలిసినవాళ్లే. తెరిస్తే ఫొటో కాదు, ఏపీకే అనే ఫైలు. అంటే యాప్ అన్నమాట. పీఎం కిసాన్ డబ్బుల పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు రివార్డు పాయింట్ల పేరుతోనూ ఇవి వస్తుంటాయి. 'తెలియని చోటు నుంచి వచ్చింది, వేయమంటారా?' అని ఫోను హెచ్చరిస్తూనే ఉంటుంది. శుభలేఖ చూడాలన్న ఆత్రంలో 'అలౌ'. అంతే! మెసేజీలు చదివే అనుమతి దానికి దొరుకుతుంది. మన ఓటీపీలు మనకంటే ముందు వాడు చదువుతాడు. మన వాట్సప్‌నీ గుప్పిట్లోకి తీసుకుంటే అదే ఫైలు మన పేరుతో మన బంధువులందరికీ వెళుతుంది. అందుకే ఇవి తెలిసినవాళ్ల నుంచే వస్తాయి.

ఇంకొకరికి 'కేవైసీ అప్‌డేట్ కాలేదు, రాత్రికి ఖాతా ఆగిపోతుంది' అని ఫోను. సాయం చేస్తానంటూ తెరను దూరం నుంచి చూసే యాప్ వేయిస్తారు. ఇలాంటి యాప్‌లతో జాగ్రత్త అని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకుల్ని హెచ్చరించింది. ఇంకొకరికి 'మీ సోఫా కొంటాం, డబ్బు పంపుతున్నాం, పిన్ కొట్టండి' అని. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదన్న ఒక్క ముక్క తెలియక పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. 'డబ్బు పంపమ'ని అడిగే కలెక్ట్ రిక్వెస్టులతో ఈ మోసం ఎంత ముదిరిందంటే, వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు.

అన్నింటికంటే భయంకరమైంది 'డిజిటల్ అరెస్టు'. పోలీసు దుస్తుల్లో ఒకడు వీడియో కాల్ చేస్తాడు. మీ పేరున వచ్చిన పార్సిల్లో మాదకద్రవ్యాలు దొరికాయంటాడు. కెమెరా ముందు నుంచి కదలొద్దంటాడు. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దంటాడు. చదువుకున్నవాళ్లు, డాక్టర్లు, రిటైరైన అధికారులు సైతం గంటల తరబడి, రోజుల తరబడి అలా కూర్చుండిపోయి జీవితకాలం దాచుకున్నది పంపేశారు. మన చట్టాల్లో డిజిటల్ అరెస్టు అనేదే లేదని ప్రధాని మోదీ 2024 అక్టోబరు 27 నాటి 'మన్ కీ బాత్'లో ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

ఆ దొంగ చెప్పే మాటల్లో అసలైన మాట ఒకటే. 'ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు.' వాడికి తెలుసు... పక్క గదిలో ఉన్న కూతురికో, ఆఫీసులో ఉన్న కొడుక్కో ఒక్క ఫోను వెళితే తన ఆట కట్టని.

తిడతారేమోనని...

మరి మనవాళ్లు ఎందుకు చెప్పరు?

భయం. పోలీసుల భయం కాదు, ఇంట్లోవాళ్ల భయం. 'ఎన్నిసార్లు చెప్పాను నీకు, ఆ ఫోను ముట్టుకోవద్దని?' అని కొడుకు అంటాడని మామయ్య చెప్పరు. 'ఇంత చదువుకుని ఇలా ఎలా మోసపోయావ్' అని నాన్నగారు అంటారని ఇంజినీరింగ్ కుర్రాడు చెప్పడు. డ్వాక్రా డబ్బులు పోయాయంటే ఇంట్లో రభస అవుతుందని ఆమె చెప్పదు. రెండ్రోజులు అన్నం సయించక, నిద్ర పట్టక, లోలోపలే కుమిలి కుమిలి చివరికి ఎప్పుడో బయటపెడతారు. అప్పటికి డబ్బు ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది.

ఈ మోసాల్లో కాలమే డబ్బు. మన ఖాతాలోంచి పోయిన సొమ్ము నేరుగా దొంగ ఇంటికి వెళ్లదు. అద్దెకు తీసుకున్న వేరేవాళ్ల ఖాతాలోకి, అక్కడి నుంచి నాలుగైదు ఖాతాల్లోకి, ఆ తర్వాత ఏటీఎంల్లోంచి నోట్ల రూపంలో బయటికి వెళుతుంది. మధ్యలో ఉన్నప్పుడే పట్టుకోవాలి. అందుకే 2021లో కేంద్ర హోంశాఖ బ్యాంకులన్నింటినీ పోలీసులతో కలిపి ఓ వ్యవస్థ ఏర్పాటు చేసింది. దాని ఫోను నంబరు 1930. ఫిర్యాదు అందగానే డబ్బు ఏ ఖాతాలో ఉందో అక్కడ ఆపేయమని బ్యాంకులకు సమాచారం వెళుతుంది. మొదటి గంటను పోలీసులు 'గోల్డెన్ అవర్' అంటున్నది అందుకే. తెలంగాణలో ఈ కేసుల కోసమే 2023లో ప్రత్యేకంగా సైబర్ సెక్యూరిటీ బ్యూరో కూడా మొదలైంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లూ చేయాల్సిన నంబరు 1930యే.

బ్యాంకు పరంగానూ తొందర ముఖ్యమే. మన తప్పు, బ్యాంకు తప్పు లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేసిన ఖాతాదారుడికి నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఆదేశాలిచ్చింది. మనమే ఓటీపీ చెప్పిన సందర్భంలో బ్యాంకుకు తెలియజేసేవరకూ పోయింది మన ఖాతాలోనే, తెలియజేశాక పోయింది బ్యాంకు మీద అని కూడా వాటిలో ఉంది. అంటే సిగ్గుపడి ఆలస్యం చేసిన ప్రతి గంటా మన జేబులోంచే పోతుంది.

ఇక్కడే ఇంటి తీరు అక్కరకొస్తుంది. ఫోను చూసి నవ్వేవాళ్లూ, తెలియదని వెక్కిరించేవాళ్లూ ఉన్న ఇంట్లో పెద్దవాళ్లు నోరు విప్పరు. 'ఏం జరిగినా ముందు నాకు చెప్పు, ఏమీ అనను' అన్న భరోసా ఉన్న ఇంట్లో 'ఎవరికీ చెప్పొద్దు' అనే దొంగ మాట చెల్లదు. ఏ కంపెనీ ఫోనూ ఇవ్వలేని భద్రత అది.

ఈ ఆదివారం పది నిమిషాలు

భోజనాలయ్యాక ఇంట్లో ఫోన్లన్నీ ముందేసుకుని కూర్చోండి. పిల్లలు పెద్దవాళ్లకు చేసిపెట్టొచ్చు. విసుక్కోకుండా, చెబుతూ చేయాలి సుమా!

* ప్రతి ఫోనుకూ ఆరంకెల పిన్. పుట్టినరోజులు, బండి నంబర్లు వద్దు. యూపీఐ పిన్ దానికి వేరుగా ఉండాలి.

* లాక్ తెర మీద మెసేజీలు కనిపించకుండా సెట్టింగ్స్‌లో మార్చండి.

* సిమ్‌కు పిన్ పెట్టండి. మార్చేముందు పాత పిన్ ఏంటో మీ కంపెనీని అడిగి తెలుసుకోండి. మూడుసార్లు తప్పుగా కొడితే సిమ్ ఆగిపోయి పీయూకే అనే సంఖ్య అడుగుతుంది.

* వాట్సప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. లింక్డ్ డివైసెస్‌లో మీకు తెలియని కంప్యూటరు ఉంటే తీసేయండి.

* ఆరు నెలలుగా తెరవని యాప్‌లు తొలగించండి. మిగిలినవాటికి ఏయే అనుమతులున్నాయో చూసి, పనికి సంబంధం లేనివి ఆపేయండి.

* ఫోను కవర్లో ఏటీఎం కార్డు, పిన్ రాసిన చీటీ ఉంటే ఇప్పుడే బయటికి తీయండి.

* స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు. వాటిని డైరీలో రాసిపెట్టండి. ఫోను పోతే ముందు వేరే ఫోను నుంచి సిమ్, ఆ తర్వాత బ్యాంకు సేవలు ఆపించండి. పోలీసు ఫిర్యాదుతో సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఐఎంఈఐ నంబరును బ్లాక్ చేయిస్తే ఆ ఫోను దేశంలో ఏ నెట్‌వర్క్ మీదా పనిచేయదు. 2023 మే నుంచి ఈ సేవ దేశమంతటా ఉంది.

ఇవన్నీ అయ్యాక చివరిగా ఒక్క పని. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉంటుందిగా, దాని మీద పెద్ద అంకెలతో 1930 అని రాయండి. కింద ఇంకో మాట కూడా... 'ముందు ఫోను, తిట్లు తర్వాత' అని. అవతలివాడు 'ఎవరికీ చెప్పొద్దు' అన్నప్పుడు నానమ్మ కళ్లు పడాల్సింది ఆ మాట మీదే.